పూలు అయిపోయాక

హాలీవుడ్ తొలినాటి రాక్షస సినిమాల ప్రస్తావన వస్తే చాలు, అప్పటి జనం ఎంత జడుసుకున్నారన్న ముచ్చటే ముందుకొస్తుంది. ఆ జడుపును స్టూడియో వాళ్లు కూడా బాగానే అమ్ముకున్నారు. 1931లో వచ్చిన ‘ఫ్రాంకెన్‌స్టయిన్’ మొదలయ్యేముందు నటుడు ఎడ్వర్డ్ వాన్ స్లోన్ తెర చాటు నుంచి బయటికి వచ్చి, చూడబోయేది మిమ్మల్ని హడలగొట్టవచ్చు, గుండె దిటవు లేనివాళ్లు ఇప్పుడే ఆలోచించుకోండి అన్న ధోరణిలో నాలుగు మాటలు చెప్పి వెళ్తాడు. తొంభై ఏళ్లు దాటిపోయాక కూడా ఈ సినిమాలను వెతుక్కుని చూసేవాళ్లున్నారు. వాళ్లెవరూ జడుసుకోవడం లేదు. సినిమా పుట్టించే భయానికి ఆయుష్షు తక్కువ. ఒక తరాన్ని వణికించిన మేకప్‌ని చూసి తర్వాతి తరం పిల్లలు నవ్వేస్తారు. భయం పోయాక కూడా ఇవి నిలబడ్డాయంటే కారణం వేరే ఉండాలి. ఈ సినిమాల్లో మేలైనవి రాక్షసుడి పక్షాన నిలబడి, అతణ్ని తరిమే జనం వైపు వేలు చూపిస్తాయని నా వాదన. పుట్టించినవాడు వదిలేసి, కంటపడ్డ ప్రతివాడూ కర్ర ఎత్తితే ఒక ప్రాణి ఏమైపోతుందన్నదే వీటి అసలు కథ.

వీటిలో పేరున్నవి చాలావరకు లాస్ ఏంజెలెస్ దగ్గరి యూనివర్సల్ స్టూడియోలో తయారయ్యాయి. యజమాని కార్ల్ లెమ్లీ జర్మనీలోని లౌప్‌హైమ్ అనే చిన్న ఊళ్లో పుట్టిన యూదుడు, పదిహేడేళ్ల వయసులో అమెరికాకు వలస వచ్చినవాడు. నాజీలు వచ్చాక జర్మనీ నుంచి వందలమంది యూదులను బయటపడేయడానికి హామీపత్రాలు రాసిచ్చినవాడూ ఆయనే. 1929లో ఆయన కొడుకు కార్ల్ లెమ్లీ జూనియర్‌కి ఇరవై ఒకటో ఏట స్టూడియో నిర్మాణ బాధ్యతలు దక్కాయి. ఆ కుర్రవాడు తీయించిన ‘ఆల్ క్వైట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్’ అనే యుద్ధ చిత్రానికి ఉత్తమ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. ఆ వెంటనే, 1931లో, ‘డ్రాకులా’, ‘ఫ్రాంకెన్‌స్టయిన్’ రెండూ అతని చేతి మీదుగానే బయటికి వచ్చాయి. వీటికి పనిచేసినవాళ్లను చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. డ్రాకులా వేషం వేసిన బేలా లుగోసి హంగేరీవాడు. ఆ సినిమాకు కెమెరా పట్టిన కార్ల్ ఫ్రాయిండ్ జర్మనీలో ‘మెట్రోపాలిస్’కు పనిచేసి వచ్చినవాడు. మేకప్ మనిషి జాక్ పియర్స్ గ్రీసులో పుట్టాడు. ‘ఫ్రాంకెన్‌స్టయిన్’ దర్శకుడు జేమ్స్ వేల్ ఇంగ్లండులోని డడ్లీలో కార్మిక కుటుంబంలో పుట్టి, మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడి, జర్మన్లకు ఖైదీగా చిక్కినవాడు. స్వలింగ సంపర్కుణ్నన్న సంగతి దాచుకోకుండా ఆ రోజుల్లోనే హాలీవుడ్‌లో బతికినవాడు కూడా. మనుషుల పుట్టుపూర్వోత్తరాలు చెప్పినంత మాత్రాన సినిమా అర్థమైపోదు, నిజమే. కానీ పరాయివాడిగా బతకడం అంటే ఏమిటో అనుభవం మీద తెలిసినవాళ్లు ఇంతమంది ఒకచోట చేరి తీసిన కథల్లో వెలివేతకు అంత చోటు దక్కడం కాకతాళీయం అనుకోలేం.

టాకీలు రాకముందే ఈ ధోరణికి పునాది పడింది. మూకీల రోజుల్లో లాన్ చానీ అనే నటుడు తన మేకప్ తానే వేసుకుని రకరకాల వికృత రూపాల్లో కనిపించేవాడు. అతని తల్లిదండ్రులిద్దరూ చెవిటివాళ్లు. ముఖంతో, చేతులతో మాట్లాడడం అతనికి ఇంట్లోనే అబ్బింది. 1923లో ‘ది హంచ్‌బ్యాక్ ఆఫ్ నోటర్ డామ్’లో గూనివాడు క్వాసిమోడోను నడిబజారులో కట్టి కొరడాతో కొడతారు. వాడు దాహమంటే చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు, ఒక్క ఎస్మెరాల్డా నీళ్లు తెచ్చి పోస్తుంది. 1925లో ‘ది ఫాంటమ్ ఆఫ్ ది ఒపేరా’ ముగింపు మరీ చెప్పుకోదగ్గది. పారిస్ వీధుల్లో జనం వెంటపడితే ఫాంటమ్ నది ఒడ్డున ఆగి, చేతిలో బాంబేదో ఉన్నట్టు పిడికిలి పైకెత్తుతాడు. గుంపు జంకి వెనక్కి తగ్గుతుంది. అతను నవ్వుతూ పిడికిలి విప్పుతాడు, అందులో ఏమీ లేదు. అప్పుడు జనం మీదపడి కొట్టి నదిలో పారేస్తారు. మొదట తీసిన ముగింపులో ఫాంటమ్ గుండె పగిలి చనిపోతాడు. ముందస్తు ప్రదర్శనల్లో అది నచ్చలేదని తెలిశాక ఈ గుంపు దృశ్యం తీసి కలిపారు. వ్యాపారం కోసం చేసిన మార్పే, కాదనను. అయినా ఆ ఉత్తచేయి కనిపించిన క్షణంలో ప్రేక్షకుడి మనసు గుంపు వైపు ఉండదు. తర్వాతి పదేళ్ల సినిమాలకు ఆ గుంపే బాట వేసింది.

‘ఫ్రాంకెన్‌స్టయిన్’లో ఒక దృశ్యం దగ్గర కాస్త ఆగాలి. పారిపోయిన రాక్షసుడు అడవిలో ఒక మడుగు దగ్గరికి వస్తాడు. అక్కడ మరియా అనే చిన్నపిల్ల ఒంటరిగా ఆడుకుంటోంది. అతణ్ని చూసి ఆ పిల్ల భయపడదు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి పక్కన కూర్చోబెట్టుకుంటుంది, చేతిలోని తెల్లపూలలో కొన్ని అతనికి ఇస్తుంది. ఇద్దరూ ఒక్కో పువ్వే నీళ్లలోకి విసురుతారు, పూలు పడవల్లా తేలుతాయి. సినిమా మొత్తంలో రాక్షసుడు నవ్వేది ఇక్కడే. ఇంతలో అతని చేతిలో పూలు అయిపోతాయి. ఖాళీ చేతుల వంక చూసుకుంటాడు, పిల్ల వంక చూస్తాడు. పువ్వులా తేలుతుందనుకుని పిల్లను ఎత్తి నీళ్లలోకి విసిరేస్తాడు. పిల్ల మునిగిపోతుంది. అతను కంగారుపడి, చేతులు తడుముకుంటూ పొదల్లోకి తూలుకుంటూ పోతాడు. ఈ వేషం వేసిన బోరిస్ కార్లాఫ్‌కి పిల్లను అలా విసరడం ఇష్టం లేదు, నెమ్మదిగా నీళ్ల మీద పెట్టేలా తీద్దామన్నాడు. వేల్ ఒప్పుకోలేదు. ఆ జరగరాని పని అలా జరిగితేనే కథకు బలమని అతని పట్టు. దర్శకుడిదే ఒప్పు అని నాకనిపిస్తుంది. నెమ్మదిగా పెట్టి ఉంటే ఆ చేతులకు తమ బలమెంతో తెలుసునన్న అర్థం వచ్చేది.

సెన్సారు వాళ్లు ఈ దృశ్యాన్నే పట్టుకున్నారు. కొన్ని రాష్ట్రాల బోర్డులు అభ్యంతరం చెప్పాయి. తర్వాత చాలా ఏళ్లపాటు తిరిగిన ప్రింట్లలో పిల్లను విసిరే భాగం లేదు. రాక్షసుడు పిల్ల వైపు చేతులు చాచడంతో దృశ్యం తెగిపోతుంది. కొంతసేపటికి మరియా తండ్రి తడిసిన పిల్ల శవాన్ని చేతుల మీద మోసుకుంటూ ఊళ్లోకి వస్తాడు. మధ్యలో ఏం జరిగిందన్నది ప్రేక్షకుడి ఊహకు వదిలేశారు. ఊహ ఎక్కడికి పోతుందో చెప్పక్కర్లేదు. పసిబిడ్డను కాపాడదామని వేసిన కత్తెర, ఆ బిడ్డకు జరిగినదాన్ని తెరమీద చూపినదానికంటే ఎన్నో రెట్లు ఘోరంగా మార్చేసింది. తెలియక చంపినవాడు కామాంధుడిలా కనిపించాడు. 1980లలో గానీ ఆ తీసేసిన ముక్క దొరికి మళ్లీ సినిమాలో చేరలేదు. అంటే రెండు మూడు తరాల ప్రేక్షకులు వేరే సినిమా చూశారన్నమాట. సినిమా గుణం మొత్తం ఆ కొద్ది సెకన్ల మీద ఆధారపడి ఉందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

నా వాదనకు బలమైన అభ్యంతరం ఒకటి ఆ సినిమాలోనే ఉంది. రాక్షసుణ్ని తయారుచేసే డాక్టర్ ఫ్రాంకెన్‌స్టయిన్ సహాయకుడు ఫ్రిట్జ్ వైద్య కళాశాల నుంచి మెదడు దొంగిలించబోయి, మంచి మెదడున్న సీసా జారవిడుస్తాడు. పక్కనున్న నేరస్థుడి మెదడు పట్టుకొస్తాడు. మేరీ షెల్లీ 1818లో అచ్చు వేయించిన నవలలో ఈ సంగతే లేదు. మరి రాక్షసుడు పుట్టుకతోనే దుర్మార్గుడని సినిమా చెబుతున్నట్టే కదా? మాటల్లో చెబుతుంది, నిజం. తెర మీద చూపించేది మాత్రం వేరు. ప్రాణం పోసుకున్న రాక్షసుడికి డాక్టర్ పైకప్పు కిటికీ తీసి మొదటిసారి వెలుతురు చూపిస్తాడు. అతను ముఖం పైకెత్తి, ఆ వెలుతురును అందుకోబోతున్నట్టు రెండు చేతులూ చాపుతాడు. కిటికీ మూసేస్తే ఆ చేతులే అడుక్కుంటున్నట్టు డాక్టర్ వైపు తిరుగుతాయి. ఇది నేరస్థుడి మెదడు చేసే పనిలా లేదు. ఆ తర్వాత అతని చేతుల్లో ఎవరెవరు చచ్చారో వరసగా చూడండి. ఫ్రిట్జ్ అతణ్ని గొలుసులతో కట్టేసి కొరడాతో, కాగడాతో హింసించాడు. ఫ్రాంకెన్‌స్టయిన్ పాత గురువు డాక్టర్ వాల్డ్‌మన్ మత్తిచ్చి బల్ల మీద పడుకోబెట్టి కోయబోయాడు. మరియా సంగతి చూశాం. పెళ్లినాడు డాక్టర్‌కి కాబోయే భార్య ఎలిజబెత్ గదిలోకి జొరబడడం ఒక్కటి మాత్రం ఈ లెక్కకు అందదు. ఆ దృశ్యం కథ కంటే పోస్టరుకే ఎక్కువ పనికొచ్చిందని నా అభిప్రాయం. వేల్‌కి ఆ మెదడు సీసా మీద పెద్ద నమ్మకం ఉన్నట్టు లేదు. అది నేరస్థుడి మెదడని వాల్డ్‌మన్ హెచ్చరిస్తే డాక్టర్ ఫ్రాంకెన్‌స్టయిన్ ఒక్క క్షణం తడబడి, ఎంతైనా చచ్చిన కండే కదా అని కొట్టిపారేస్తాడు. సినిమా కూడా దాన్ని మళ్లీ పెద్దగా పట్టించుకోదు.

మన పురాణాల్లో రాక్షసుడికి వంశం ఉంటుంది, తపస్సు ఉంటుంది, వరం ఉంటుంది, చాలాసార్లు వెనకాల ఒక శాపం కూడా ఉంటుంది. చచ్చేముందు తానెవరో చెప్పుకునే అవకాశమైనా దొరుకుతుంది. ఈ రాక్షసుడికి కనీసం పేరు లేదు. ఆ లేమిని ముఖం మీదికి తెచ్చినవాళ్లు పియర్స్, కార్లాఫ్. రోజూ మేకప్‌కే నాలుగు గంటలు పట్టేది. కళ్లు మరీ చురుగ్గా ఉన్నాయని కార్లాఫ్ అంటే, పియర్స్ రెప్పల మీద మైనం అద్ది వాటిని బరువుగా వాల్చేశాడు. కార్లాఫ్ తన కట్టుడుపళ్లు కొన్ని తీసేసి ఒక చెంప లోపలికి పోయేలా చేశాడు. చేతులు పొడుగ్గా కనిపించాలని కోటు చేతులు పొట్టిగా కుట్టించారు. ఎవరిదో పాత కోటు తొడుక్కుని, ఎక్కడికెళ్లినా గెంటించుకుంటూ తిరిగే ఆ బక్క పొడుగు మనిషిని చూస్తే, ఉద్యోగాలు ఊడి ఊళ్లు పట్టుకు తిరుగుతున్న 1931 నాటి అమెరికన్లకు తమ వీధిలో రోజూ కనిపించేవాళ్లు గుర్తురాకుండా ఉండరు. కార్లాఫ్‌కి అప్పుడు నలభై మూడేళ్లు. పని దొరకని రోజుల్లో లారీ తోలి బతికినవాడు. అసలు పేరు విలియం హెన్రీ ప్రాట్, పుట్టింది లండన్‌లో. ఆయన తల్లి మాత్రం మన సూరత్‌లో పుట్టింది, తండ్రి బ్రిటిష్ ఇండియా ప్రభుత్వంలో పనిచేశాడు. సినిమా మొదట్లో వేసే పేర్లలో రాక్షసుడి పాత్ర ఎదురుగా ప్రశ్నార్థకం గుర్తు ఒక్కటే ఉంటుంది. బరువు బూట్లతో, డాక్టర్ వేషం వేసిన కోలిన్ క్లైవ్‌ని భుజాన వేసుకుని గుట్ట ఎక్కే దృశ్యాన్ని మళ్లీ మళ్లీ తీయడంతో ఆయన నడుం దెబ్బతింది. రెండేళ్ల తర్వాత, 1933లో, గంటల లెక్క లేకుండా పనిచేయించుకునే స్టూడియోలకు వ్యతిరేకంగా నటుల సంఘం పెట్టినప్పుడు తొలి సభ్యుల్లో ఆయన ఒకడు.

రాక్షసుడి మీద ఈ జాలి అంతా తర్వాతి విమర్శకులు తెచ్చిపెట్టినదనీ, అప్పటి ప్రేక్షకుడికి అవేవీ పట్టలేదనీ అనేవాళ్లున్నారు. ఆ మాట నిలవదు. అప్పటి పిల్లలు తనకు ఉత్తరాలు రాసేవాళ్లనీ, వాటినిండా రాక్షసుడి మీద జాలే ఉండేదనీ కార్లాఫ్ తర్వాత పలుమార్లు చెప్పుకున్నాడు. ఇంకా గట్టి సాక్ష్యం 1935లో వేల్ తీసిన రెండో భాగం ‘బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టయిన్’. అందులో జనం రాక్షసుణ్ని పట్టుకుని ఒక దుంగకు కట్టి పైకెత్తుతారు. సిలువ మీది ఏసు గుర్తుకు రావాలనే అలా తీశారని చూసిన ఎవరికైనా తెలుస్తుంది. తప్పించుకుని పోతుంటే అడవిలో ఒక గుడిసె నుంచి వయొలిన్ వినిపిస్తుంది. లోపల గుడ్డి ముసలాయన ఒకడే ఉంటాడు. వచ్చినవాడు మాట్లాడలేడని తెలిసి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, తిండి పెట్టి, తనకో తోడు దొరికిందని దేవుడికి దండం పెట్టుకుంటాడు. రొట్టె, స్నేహితుడు, మంచి అని ఒక్కో మాటే నేర్పిస్తాడు. దారి తప్పిన వేటగాళ్లిద్దరు లోపలికి వచ్చి, రాక్షసుణ్ని చూసి తుపాకీ ఎత్తుతారు. తోపులాటలో గుడిసె అంటుకుని కాలిపోతుంది. రెండు సినిమాలూ కలిపి చూస్తే ఇతణ్ని దగ్గరికి రానిచ్చినవాళ్లు ఇద్దరే: ఇంకా లోకం పోకడ నేర్వని పిల్ల, ఇతని ముఖం చూడలేని ముసలాయన. దర్శకుడి మనసులో మాట ఇంతకంటే తేటగా ఎలా చెప్పాలి?

‘డ్రాకులా’ ఈ వాదనకు లొంగదు, దాన్ని బలవంతంగా లొంగదీయడం కూడా సరికాదు. కౌంట్ డ్రాకులాకు కోట ఉంది, బిరుదు ఉంది, ముగ్గురు భార్యలున్నారు, తెలిసే వేటాడతాడు. నిజంగా చచ్చిపోవడం ఎంత గొప్పగా ఉంటుందో అని థియేటర్లో ఒకసారి అంటాడు. లుగోసి ఆ మాట పలికిన తీరులో అలసట ఉంది, అంతకుమించి జాలిపడే చోటు లేదు. దర్శకుడు టాడ్ బ్రౌనింగ్ మొదటి ఇరవై నిమిషాలు, ఆ కోట, సాలెగూళ్లు, సంగీతం లేని నిశ్శబ్దం అద్భుతంగా తీసి, తర్వాత నాటకంలా డ్రాయింగ్ రూమ్ సంభాషణల్లో చిక్కుకుపోయాడు. రాత్రిపూట అవే సెట్ల మీద వేరే బృందం తీసిన స్పానిష్ ‘డ్రాకులా’లో కెమెరా ఇంతకంటే చురుగ్గా కదులుతుంది. 1933 నాటి ‘ది ఇన్విజిబుల్ మ్యాన్’లో గ్రిఫిన్ రైలునే పడగొట్టి జనాన్ని చంపుతాడు, అతని మీద జాలికీ హద్దుంది. కాబట్టి ప్రతి రాక్షసుడూ బాధితుడే అని నేననను. గుర్తుండిపోయినవాళ్లలో ఎక్కువమంది బాధితులే అంటాను.

ఈ సినిమాల మీద ఇంకో ఆరోపణ ఉంది, దానికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. ఒక వెలివేతను నిలదీస్తూనే ఇవి ఇంకొందరిని వెలివేశాయి. రాక్షసుణ్ని కాగడాతో పొడిచే క్రూరుడు ఫ్రిట్జ్ గూనివాడు. ఎనిమిదేళ్ల ముందు అదే స్టూడియో గూనివాడి కోసం మనల్ని ఏడిపించింది, ఇప్పుడు గూనిని కుత్సితానికి గుర్తుగా వాడుకుంది. టుటన్‌ఖామున్ సమాధి బయటపడ్డ పదేళ్లకు తీసిన ‘ది మమ్మీ’లో పాత ఈజిప్టు అంటే మంత్రతంత్రాలే. ఇంగ్లిషువాళ్లు సమాధులు తవ్వి పట్టుకుపోవడంలో తప్పేమీ కనిపించదు. ప్రియురాల్ని బతికించబోయినందుకు ప్రాణంతో పాతిపెట్టబడ్డ ఇమ్‌హోటెప్‌గా కార్లాఫ్ నటన ఆ లోపాన్ని కొంత కప్పిపుచ్చుతుందంతే. ‘ది వుల్ఫ్ మ్యాన్’లో శాపం జిప్సీల ద్వారా వస్తుంది. ఈ మరకలను చెరిపి చూపించనవసరం లేదు.

అయినా ‘ది వుల్ఫ్ మ్యాన్’ దగ్గరికి వచ్చేసరికి ఈ ధోరణి ఇంకో మెట్టు పైకెక్కింది. 1941 డిసెంబరులో, పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి జరిగిన కొద్దిరోజులకే అది విడుదలైంది. కథ రాసిన కర్ట్ సియోడ్‌మాక్ నాజీ జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన యూదుడు. లారీ టాల్బట్ ఒక అమ్మాయిని తోడేలు నుంచి కాపాడబోయి కాటు తింటాడు, తానే తోడేలవుతాడు. తర్వాత చావబోయే మనిషి అరచేతిలో అతనికి నక్షత్రం గుర్తు కనిపిస్తుంది. యూదుల మీద గుర్తులు వేస్తున్న కాలంలో ఒక యూదుడు రాసిన నక్షత్రమిది, దాన్ని ఉత్త అలంకారమని వదిలేయలేం. ఊరివాళ్లు తుపాకులతో అడవిని గాలిస్తుంటే, చివరికి కొడుకని తెలియక కన్నతండ్రే వెండి పిడి కర్రతో కొట్టి చంపుతాడు. ఇక గుంపు సంగతి. ‘ఫ్రాంకెన్‌స్టయిన్’ చివర్లో కాగడాలు, వేటకుక్కలు పట్టుకుని జనం కొండలెక్కడం, గాలిమరలో దాక్కున్నవాడికి నిప్పుపెట్టడం ఆనాటి అమెరికన్లకు కట్టుకథ కాదు. దక్షిణ రాష్ట్రాల్లో గుంపులు నల్లవాళ్లను వేటాడి చంపడం అప్పటికింకా ఆగలేదు. వేల్ ఆ గుంపును ఉత్త దుర్మార్గుల మందగా చూపించలేదు. బిడ్డ శవంతో పెళ్లి సంబరాల నడుమ నడిచే తండ్రిని కెమెరా చాలాసేపు వదలదు, ఆడుతున్నవాళ్లు ఒక్కొక్కరే ఆగిపోతారు. ఆ దుఃఖం నిజం. న్యాయమైన దుఃఖం గంటలో కాగడా పట్టుకున్న గుంపుగా మారిపోవడాన్ని దగ్గరగా చూపించాడు కాబట్టే ఆ దృశ్యానికి ఇంత బరువు.

1938లో లాస్ ఏంజెలెస్‌లోని ఒక చిన్న థియేటర్ పాత ‘డ్రాకులా’, ‘ఫ్రాంకెన్‌స్టయిన్’లను కలిపి వేస్తే జనం విరగబడ్డారు. దాంతో స్టూడియో మళ్లీ కొత్త భాగాలు మొదలుపెట్టింది. 1940లలో వచ్చినవి చాలావరకు నాసిరకం. 1943 నాటి ‘ఫ్రాంకెన్‌స్టయిన్ మీట్స్ ది వుల్ఫ్ మ్యాన్’ను మాత్రం ఒక కారణానికి తలచుకోవాలి. ముందు భాగం చివర్లో రాక్షసుడికి చూపు పోతుంది. అందుకే ఇందులో ఆ వేషం వేసిన లుగోసి చేతులు చాచి తడుముకుంటూ నడిచాడు. విడుదలకు ముందు రాక్షసుడి మాటలన్నీ కోసేశారు, చూపు పోయిన ప్రస్తావన కూడా వాటితోపాటే పోయింది. కారణం పోయి నడక మిగిలింది. కార్టూన్లలో, బొమ్మల్లో, పిల్లల ఆటల్లో ఫ్రాంకెన్‌స్టయిన్ రాక్షసుడంటే చేతులు ముందుకు చాచి నడిచే మరమనిషి అయ్యాడు. 1957లో యూనివర్సల్ పాత సినిమాలు 52 ఒక మూటగా అమెరికన్ టీవీకి అమ్ముడైనప్పుడు కొత్త తరం పిల్లలు చూసిన వాటిలో మడుగు దృశ్యం కత్తిరించిన ‘ఫ్రాంకెన్‌స్టయిన్’ ఉంది. ఇప్పుడు దొరికే ప్రతుల్లో ఆ దృశ్యం పూర్తిగా ఉంది. కొత్తగా చూడాలనుకునేవాళ్లు 1931 ‘ఫ్రాంకెన్‌స్టయిన్’, 1935 ‘బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టయిన్’ ఒకదాని వెంట ఒకటి చూడడం మంచిది. రెండూ కలిపి రెండున్నర గంటలు కూడా పట్టవు. ‘డ్రాకులా’ తర్వాతైనా చూడొచ్చు.